తెలియదా... పెద్దల్ని అడుగు!

రైలు టికెట్టు తీసుకోవాలన్నా, పిల్లల పరీక్ష ఫలితాలు చూడాలన్నా వెబ్‌సైట్‌ తెరుస్తాం. దాదాపు ప్రతి వెబ్‌సైట్‌ వెనకా పనిచేసే భాష జావాస్క్రిప్ట్‌. విచిత్రమేంటంటే... మన ఇళ్లలోలాగే అందులోనూ తాతలూ తండ్రులూ ఉంటారు!

ప్రోగ్రామింగ్‌లో కొంత సమాచారాన్నీ దాంతో చేసే పనుల్నీ ఒకచోట చేర్చితే అదే ఆబ్జెక్టు. జావా లాంటి భాషల్లో ముందుగా 'క్లాస్‌' రాయాలి. అది ఇటుకల అచ్చులాంటిది. ఇటుకలన్నీ అందులోంచే వస్తాయి కానీ అచ్చు మాత్రం ఇటుక కాదు. జావాస్క్రిప్ట్‌కి అచ్చుతో పనిలేదు. ఉన్న ఆబ్జెక్టునే పెద్దగా చూపించి కొత్తదాన్ని పుట్టించొచ్చు. ఆ పెద్దే 'ప్రోటోటైప్‌'.

ఓ ఆన్‌లైన్‌ దుకాణం ఉందనుకోండి. అందులో 'వస్తువు' అనే ఆబ్జెక్టుకి బిల్లు వేయడం నేర్పారు. దాన్నుంచి 'చీర'ను పుట్టించి రంగూ ధరా మాత్రమే రాశారు. చీరను బిల్లు వేయమంటే... ముందు తన దగ్గర వెతుక్కుంటుంది. లేదు కాబట్టి వస్తువును అడుగుతుంది. అక్కడా లేకపోతే ఆపై పెద్దను! లెక్క కట్టే పద్ధతి పెద్దలది, ధర మాత్రం చీరదే.

ఇది 1986 నాటి సంగతి. అమెరికాలోని జిరాక్స్‌ పరిశోధన కేంద్రంలో డేవిడ్‌ ఉంగర్‌, రాండాల్‌ స్మిత్‌ 'సెల్ఫ్‌' భాషకు ఇలా రూపమిచ్చారు. 1995 మేలో నెట్‌స్కేప్‌ ఉద్యోగి బ్రెండన్‌ ఐక్‌ జావాస్క్రిప్ట్‌ తొలి నమూనాను పదిరోజుల్లోనే రాశాడు. చూడ్డానికి జావాలా ఉండాలన్నది సంస్థ కోరిక. పైకి అలాగే కనిపించేలా చేసి, లోపల సెల్ఫ్‌ పద్ధతి పెట్టాడు.

ఇందులో చిక్కూ ఉంది. పెద్దను మారిస్తే అప్పటికే పుట్టిన పిల్లలందరికీ ఆ మార్పు వర్తిస్తుంది. మూటూల్స్‌ అనే పాత ప్రోగ్రామ్‌ జాబితాలన్నిటికీ పెద్ద అయిన ఆబ్జెక్టుకి 'ఫ్లాటెన్‌' అనే పనిని సొంతంగా చేర్చింది. 2018లో అదే పేరుతో ఆ సదుపాయాన్ని భాషలోకే తేబోతే, ఫైర్‌ఫాక్స్‌ ప్రయోగాత్మక రూపంలో ఓ పాత వెబ్‌సైట్‌ మొరాయించింది. పాత సైట్లు చెడకూడదని చివరికి పేరే మార్చి 'ఫ్లాట్‌' అన్నారు.

2015లో జావాస్క్రిప్ట్‌లోకీ 'క్లాస్‌' అనే మాట వచ్చింది. అయినా అది రాసేవాళ్ల సౌలభ్యం కోసమే. లోపల మాత్రం ఇప్పటికీ పిల్లలు పెద్దల్నే అడుగుతున్నారు!