పీల్చే గొట్టం, నెట్టే గొట్టం

అమెరికాలో ఇంటి గ్యారేజీలోనే పాత కారుకు మరో ఇంజను వేసుకునేవారు తరచుగా ఎంచుకునేది జనరల్ మోటార్స్ వారి ఎల్ఎస్ ఇంజను. 1997 మోడల్ కార్వెట్‌లో 5.7 లీటర్ల అల్యూమినియం ఇంజనుగా మొదలై, 1999 నుంచి పికప్ ట్రక్కుల్లో 4.8, 5.3 లీటర్ల పోత ఇనుము రూపంలో విరివిగా వచ్చింది. అందుకే తుక్కు కార్ల యార్డుల్లో సులువుగా దొరుకుతుంది. దాన్ని 1960ల నాటి షెవర్లేలో కూర్చోబెట్టడానికి మౌంట్ల గురించి, వైరింగు గురించి నెలల తరబడి తల బద్దలు కొట్టుకున్నవారు కూడా పెట్రోలు గొట్టాన్ని చివరి రోజు పనిగా వదిలేస్తారు. ట్యాంకు నుంచి ఇంజను దాకా గొట్టం ముందే ఉంది కదా, కొస కలిపితే పోయె అనుకుంటారు. అలా కలపకూడదు. పాత గొట్టం పెట్రోలును పీల్చుకోవడానికి పుట్టింది. కొత్త ఇంజనుకు దాన్ని నెట్టాలి.

అలాంటి పాత కార్బ్యురేటర్ కారులో పంపు ఇంజను పక్కనే బిగించి ఉంటుంది. క్యామ్‌షాఫ్టు తిరిగినప్పుడల్లా పంపు మీట కదిలి, లోపలి పొర పైకీ కిందికీ ఆడుతుంది. కారు పొడుగునా సాగిన గొట్టంలో పీడనం బయటి గాలి కంటే తక్కువే. ఆ గొట్టానికి చిన్న చిల్లు పడితే, బండి నడుస్తున్నంతసేపూ పెట్రోలు బయటికి చిమ్మడం కంటే గాలి లోపలికి చొరబడటమే ఎక్కువ. ఇంజను తడబడి ఆగిపోతుంది. పంపు దాటాక కూడా పీడనం చదరపు అంగుళానికి 5 నుంచి 7 పౌండ్లే.

ఎల్ఎస్ ఇంజనులో పెట్రోలును ఇంజెక్టర్లు చల్లుతాయి. వాటికి కావలసిన పీడనం 58 పౌండ్లు, అంటే దాదాపు నాలుగు వాతావరణాలు. కారు టైరులో మనం కొట్టించే గాలికి ఇది రెట్టింపుకు దగ్గర. విద్యుత్ పంపు ట్యాంకు దగ్గరే ఉండి గొట్టం మొత్తాన్నీ ఈ ఒత్తిడితో నింపుతుంది. ఇప్పుడు అదే చిల్లు పడిందనుకోండి. రంధ్రం నుంచి వెలువడే ద్రవం వేగాన్ని పీడనం, సాంద్రతల నుంచి లెక్కకట్టవచ్చు. పెట్రోలుకు అది సెకనుకు సుమారు 33 మీటర్లు, గంటకు 118 కిలోమీటర్లు. ఒక మిల్లీమీటరు రంధ్రం గుండా నిమిషానికి దాదాపు లీటరు పెట్రోలు, పక్కనే కాగుతున్న ఎగ్జాస్టు గొట్టం మీదికి చిమ్ముతుంది.

ఈ నెట్టడంలో ఒక మేలూ ఉంది. పీడనం తగ్గితే ద్రవం తక్కువ వేడికే మరుగుతుంది. ఎండాకాలం పాత కార్లు గొట్టంలో ఆవిరి బుడగ అడ్డుపడి నడిరోడ్డున మొరాయించడానికి కారణం ఇదే. నాలుగు వాతావరణాల కింద ఉన్న పెట్రోలుకు ఆ బెడద దాదాపు లేదు.

పంపు గంటకు 255 లీటర్లు తోడగలదు, బండి కదలకుండా ఇంజను మాత్రం తిరుగుతున్నప్పుడు అది తాగేది లీటరో రెండో. మిగతాది ట్యాంకుకు తిరిగి వెళ్లాలి. దీనికి చాలామంది వాడేది 1999 నుంచి 2003 దాకా కార్వెట్‌కు వచ్చిన ఫిల్టరు. ఒక వైపు రెండు నాళాలు, మరో వైపు ఒకటి. పంపు నుంచి వచ్చిన పెట్రోలు వడకట్టుకుని 58 పౌండ్ల వద్ద ఇంజనుకు పోతుంది, మిగులు రెండో నాళంలోంచి వెనక్కి మళ్లుతుంది. వడపోత, పీడన నియంత్రణ ఒకే డబ్బాలో. మొత్తం మార్పిడిలో నాకు ముచ్చటగొలిపే వస్తువు ఇదే. అయితే తిరుగు దారి ఇరుకైతే ముచ్చట చెడుతుంది. పెట్రోలు వెనక్కి పోలేక ఇంజను వైపు పీడనం పెరుగుతుంది.

ఇక రబ్బరు హోసు. దాని ఒంటిమీద అచ్చేసిన అక్షరాలు చదవాలి. 30ఆర్7 అని ఉంటే అది 50 పౌండ్లకు తయారైనది. మనకు కావలసింది 58. ఆర్9 అయితే 100 పౌండ్లు తట్టుకుంటుంది, ఇథనాల్ కలిసిన పెట్రోలుకూ లొంగదు. కానీ దాని ఓపిక లోపలి పొరదే. ట్యాంకులో ముంచితే బయటి తొడుగు పాడైపోతుంది, అక్కడ ఆర్10 వేయాలి. చూపుకు మూడూ ఒకే నల్లటి గొట్టాలు. స్క్రూతో బిగిసే మామూలు క్లాంపు పట్టీకి కోసిన గాడులు రబ్బరులోకి దిగి దాన్ని కోస్తాయి. అంచులు మడిచిన ఇంజెక్షన్ క్లాంపులు ఆ పని చేయవు.

లోహపు జాయింట్లది మరో మాయ. అమెరికా సైన్యం, నౌకాదళం పేరుతో వచ్చిన ఏఎన్ ఫిట్టింగు వాలు 37 డిగ్రీలు, పాత కార్ల గొట్టాలది 45. కొన్ని సైజుల్లో మరలు రెండింటికీ ఒకటే కాబట్టి నట్టు హాయిగా బిగుసుకుంటుంది. లోపల మాత్రం శంకువులు ఒక సన్నని గీత మీదే ఆనుతాయి. కారుతోందని టెఫ్లాన్ టేపు చుట్టేవారున్నారు. వాలుతో మూసుకునే జాయింటుకు టేపు పనికిరాదు, పైగా తెగిన పీలికలు ఇంజెక్టరు నోట్లో ఇరుక్కుంటాయి.

పెట్రోలు ఆవిరి సున్నాకు దిగువన 40 డిగ్రీల చలిలోనూ నిప్పంటుకుంటుంది. గాలిలో దాని పాలు నూటికి 1.4 అయితే చాలు. గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు కాబట్టి అది నేల మీద పాకుతుంది. అమెరికాలో ఇల్లు కొన్న మనవాళ్లు గ్యారేజీలో గ్యాసు గీజరును గట్టు మీద ఎత్తి పెట్టడం చూసే ఉంటారు. మంట పుట్టే చోటు నేలకు 18 అంగుళాల పైన ఉండాలన్న నిబంధన ఈ పాకే ఆవిరి కోసమే. గొట్టాలు విప్పే ముందు గీజరు ఆర్పి, బ్యాటరీ నెగటివ్ తీసి, తలుపు పూర్తిగా ఎత్తి ఉంచాలి.

అంతా కలిపాక ఇంజను స్టార్టు చేయకుండా తాళంచెవిని ఆన్‌కు మాత్రం తిప్పితే, ఇంజను కంప్యూటరు పంపును రెండు సెకన్లు నడిపి ఆపేస్తుంది. మూడు నాలుగుసార్లు అలా చేస్తే పీడనం చూపే గేజి ముల్లు 58కి చేరాలి. ఒక్కో జాయింటు చుట్టూ పొడి కాగితం తిప్పి తడి చూడాలి. మొదటిసారి వేడెక్కి చల్లారాక రబ్బరు సర్దుకుంటుంది కనుక మళ్లీ చూడాలి. ఆ రోజంతా పెట్రోలు పీల్చిన ముక్కు వాసనకు అలవాటుపడి మొద్దుబారి ఉంటుంది, దాని మాట నమ్మకండి. రాత్రి తలుపు వేసి, తెల్లవారాక బయటి గాలిలో కాసేపు నడిచి వచ్చి, లైటు స్విచ్చి ముట్టుకోకుండా తలుపు తీసి వాసన చూడండి.