వెండి మీద రంగు: గాజా, జిగురా?

తిరుపతి గాంధీ రోడ్డులో వెండి కొట్ల అద్దాల పెట్టెల్లోకి తొంగిచూస్తే తెల్లటి వెండి కంటే ముందు రంగులే కంటబడతాయి. తెల్ల నామం మధ్య ఎర్రగీత దిద్దిన లాకెట్లు, ఆకుపచ్చ నెమలి ఉన్న కుంకుమ భరిణెలు, నీలం పూల మెట్టెలు, చంటిపిల్లల పట్టీలు. అన్నిటికీ 'మీనా పని' అనే పేరే చెబుతారు. తూకం అడుగుతాం, తరుగు అడుగుతాం, మజూరీ దగ్గర గీచిగీచి బేరమాడతాం. ఆ రంగు దేనితో వేశారని మాత్రం అడగం. అసలు మీనా అంటే వెండి మీద కరిగి అంటుకున్న గాజు. తక్కువ ధరకు దొరికేవాటిలో చాలామటుకు ఉన్నది రెసిన్, అంటే గట్టిపడిన జిగురు. ఈ రెండిటి మధ్య తేడా పట్టుకోవడానికి ఒక అంకె పనికొస్తుంది: 779.

స్వచ్ఛమైన వెండి 962 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. మెత్తన కాబట్టి నగలకు అందులో రాగి కలుపుతారు. వెండి పాలు సుమారు 91 శాతం కంటే తగ్గిందా, ఆ మిశ్రమం 779 డిగ్రీలకే కరగడం మొదలుపెడుతుంది. 90 టచ్ (అంటే 90 శాతం వెండి) అయినా, 80 టచ్ అయినా మొదలయ్యేది అక్కడే. నగల మీద వేసే గాజుపొడి మామూలుగా 750 నుంచి 850 డిగ్రీల మధ్య కరిగి పరుచుకుంటుంది. అంటే రంగు పట్టే వేడికి నగే కూలబడే ప్రమాదం ఉంది. తక్కువ వేడికి కరిగే ప్రత్యేకమైన గాజులూ ఉన్నాయి గానీ, 80 టచ్ పట్టీల మీద మెరిసే ఎరుపూ పచ్చా గాజే అని ఎవరైనా చెబితే నేనైతే అంత తొందరగా నమ్మను.

925 వెండికి కొంచెం వెసులుబాటు ఉంది. అది మెత్తబడటం 800 డిగ్రీల చుట్టుపక్కల మొదలై, దాదాపు 890 దగ్గర పూర్తిగా ద్రవమవుతుంది. అయినా అందులోని 7.5 శాతం రాగి పొయ్యిలో గాలి తగిలి నల్లబడి, పారదర్శకమైన రంగు కింద మచ్చలా కనిపిస్తుంది. అందుకే మంచి మీనా పనివాళ్లు రంగు పడే చోట 99 శాతం దాటిన వెండినే కోరుకుంటారు. ఇక అతుకుల బాధ వేరు. మామూలు వెండి టంకం చాలావరకు 700, 750 డిగ్రీల మధ్యే పారుతుంది. రంగు కాలుస్తుండగా కొక్కెం ఊడిపోకుండా ఎక్కువ వేడికి కరిగే టంకం వాడాలి. రంగు వేశాక కొత్త అతుకు పెట్టడం దాదాపు కుదరని పని.

పని నడిచే తీరు చూస్తే మజూరీ ఎందుకంతో అర్థమవుతుంది. వెండి రేకు మీద చెక్కుడు ఉలితో మిల్లీమీటరులో మూడో వంతు లోతున గుంటలు తీస్తారు. గాజును మెత్తగా నూరి, కడిగి, తడిపొడిని ఆ గుంటల్లో నింపి, ఆరబెట్టి, పొయ్యిలో ఒకటి రెండు నిమిషాలు ఉంచుతారు. కరిగిన గాజు కుంగుతుంది కాబట్టి మళ్లీ నింపాలి, మళ్లీ కాల్చాలి. ఎక్కువ వేడి కావలసిన తెలుపు ముందు, తక్కువ వేడికే చెడిపోయే ఎరుపు చివర. నాలుగు రంగులుంటే కనీసం నాలుగు కాల్పులు. చివరి కాల్పులో ఒక్కచోట పగిలినా ముందు పడిన పాటంతా పోయినట్టే. పగుళ్లకు కారణం ఉంది: వంద డిగ్రీల వేడికి మీటరు పొడవు వెండి దాదాపు 2 మిల్లీమీటర్లు సాగుతుంది, గాజు సుమారు అందులో సగమే. చల్లారేటప్పుడు వెండి ఎక్కువగా ముడుచుకుని గాజును నొక్కుతుంది.

మన నామానికి కావలసిన ఎరుపే వెండికి సరిపడని రంగు. కోబాల్టు ఇచ్చే నీలం, రాగి ఇచ్చే ఆకుపచ్చ వెండి మీద దివ్యంగా వెలుగుతాయి. పారదర్శకమైన ఎరుపు, గులాబి మాత్రం వెండి తగిలితే గోధుమ రంగుకో పసుపుకో తిరుగుతాయి. అడ్డుగా ముందు రంగులేని గాజు పూత వేసుకోవాలి. బంగారానికి ఈ పేచీ లేదు. హైదరాబాదు నిజాం నగల్లో రాళ్లు పొదిగిన ముఖం వెనుక, ఒంటికి తగిలే వైపున కనిపించే మీనా బంగారం మీదిదే. 1995లో కేంద్ర ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకు కొన్న ఆ 173 నగలను వెనక్కి తిప్పి చూపిస్తే ఎంత బాగుండును! ఈ విద్యకు పేరుపడ్డ ఇరాన్‌లోని ఇస్ఫహాన్‌లో ఎక్కువ పని రాగి మీద సాగుతుంది. 2015లో భౌగోళిక గుర్తింపు పొందిన బనారస్ గులాబీ మీనాకు ఆ గులాబి రంగునిచ్చేది బంగారపు లవణమే.

కొట్లో మనం చూడగలిగేవి ముద్రలు. 2025 సెప్టెంబరు 1 నుంచి వెండి హాల్‌మార్కుకు కూడా ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య వచ్చింది. బంగారానికిలా ఇది తప్పనిసరి కాదు, ఇష్టమైతేనే. 800, 835, 925, 958, 970, 990, 999 అని ఏడు మెట్లున్నాయి. వెనుక 800, 835 కనిపిస్తే 779 లెక్క గుర్తుచేసుకోండి. 925 ఉన్నంత మాత్రాన ముందున్నది గాజేనన్న హామీ లేదు. హాల్‌మార్కు వెండికే గానీ రంగుకు కాదు. రంగు గాజో కాదో తేల్చడానికి సూది చాలు. ఓ మూల ఉక్కు సూదితో మెల్లగా గీస్తే రెసిన్ మీద గీత పడుతుంది, గాజు మీద జారిపోతుంది. కొట్టాయన అడ్డుచెబితే అదీ ఒక జవాబే.

తూకం సంగతి. మూడు చదరపు సెంటీమీటర్ల రంగు 0.3 మిల్లీమీటర్ల మందాన ఉంటే గాజు బరువు దాదాపు పావు గ్రాము. తేడా పావు గ్రాము వెండి ధరంతే, కొనేటప్పుడు పట్టించుకోనక్కర్లేదు. లక్కా రాళ్లూ నిండిన బరువైన భరిణెల్లో మాత్రం వెండి తూకం విడిగా అడిగి బిల్లులో రాయించుకోవాలి. మార్పిడికి వెళ్లినప్పుడు వెండి తప్ప మిగతాదంతా తీసేసే తూస్తారు, రంగుకైన మజూరీకి పైసా రాదు.

మెరుగుకు ఇచ్చేటప్పుడు రంగు ఉందని ముందే చెప్పాలి. నగను ఎర్రగా కాల్చి ఆమ్లంలో ముంచే పద్ధతిలో రెసిన్ మాడి రాలుతుంది, గాజు ఒక్కసారి చల్లబడి పగులుతుంది. ఇంట్లో అయితే గోరువెచ్చటి కుంకుడు పులుసు, మెత్తటి బట్ట చాలు. రంగు మీద విభూతి పెట్టి తోమకండి.