ఒకే తేదీకి మూడు పేర్లు

ఏటా డిసెంబరు 16న బంగ్లాదేశ్ విజయదినోత్సవం జరుపుకుంటుంది. మన దేశంలో ఆ రోజు విజయ్ దివస్. పాకిస్తాన్‌లో మాత్రం అది ‘సుకూతె ఢాకా’, అంటే ఢాకా పతనం. 1971లో ఢాకాలోని రమ్నా రేస్‌కోర్సు మైదానంలో జనరల్ నియాజీ లొంగుబాటు పత్రంపై సంతకం చేసిన ఒకే ఒక్క సాయంత్రానికి ఇన్ని పేర్లు! మనం దానిని భారత్-పాక్ యుద్ధమని చదువుకున్నాం. బంగ్లాదేశీయులకు అది తొమ్మిది నెలల విముక్తి పోరాటం. పేరు మారినప్పుడల్లా కథలో కొందరు ముందుకు వస్తారు, కొందరు కనుమరుగవుతారు.

ఆ ఏడాది మార్చి 25 రాత్రి పాక్ సైన్యం ఢాకా నగరంపై విరుచుకుపడింది. విశ్వవిద్యాలయ వసతిగృహాలు సైతం రక్తసిక్తమయ్యాయి. దాదాపు కోటి మంది సరిహద్దు దాటి భారతదేశంలో తలదాచుకున్నారు. హిందువులను వెదికి మరీ చంపారు. ముస్లిములనూ వదలలేదు. చంపినవారూ, చనిపోయినవారిలో ఎందరో ఒకే కలిమా పలికేవారన్న నిజం మనల్ని కలచివేస్తుంది. అత్యాచారాలకు గురైన స్త్రీలను కొత్త ప్రభుత్వం ‘బీరాంగన’లని గౌరవించింది. అయినా వారిలో ఎందరికో సొంత ఇంటి తలుపులే తెరుచుకోలేదు.

మృతుల సంఖ్య నేటికీ వివాదమే. 30 లక్షల మంది అని బంగ్లాదేశ్ అధికారికంగా చెబుతుంది. పాకిస్తాన్ నియమించిన హమూదుర్ రహ్మాన్ కమిషన్ సైనిక లెక్కల ఆధారంగా సుమారు 26 వేలు అన్నది. అయితే అదే కమిషన్ కొందరు ఉన్నత సైనికాధికారులపై విచారణ జరపాలని కూడా సిఫారసు చేసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు మరుగున ఉండిపోయింది. సంఖ్యపై ఎంత వాదించినా, ఒక్కొక్క ఇంట్లో పోయిన ప్రాణం పోయినదే.

1974 ఏప్రిల్‌లో మూడు దేశాలూ ఢిల్లీలో ఒప్పందం చేసుకున్నాయి. యుద్ధనేరాల ఆరోపణలున్న 195 మంది పాక్ యుద్ధఖైదీలపై విచారణ ఆగిపోయింది. దానితో ఆ అధ్యాయం ముగిసిందని పాకిస్తాన్ వాదన. 2002లో ఢాకాకు వెళ్ళిన ముషర్రఫ్ విచారం వ్యక్తం చేశారు. విచారం వేరు, క్షమాపణ వేరని బంగ్లాదేశ్‌లో ఎందరో అంటారు.

ఈ కథలో మరొక పుట ఉంది. దేశ విభజన వేళ బీహారు నుండి తూర్పు పాకిస్తాన్‌కు తరలివెళ్ళిన ఉర్దూ మాట్లాడే కుటుంబాలవి. వారిలో కొందరు సైన్యం పక్షాన నిలిచారు. కానీ ఏ పాపమూ ఎరుగని స్త్రీలు, పిల్లలు కూడా ప్రతీకారానికి బలయ్యారు. మిగిలినవారిలో ఎందరో ఢాకాలోని జెనీవా క్యాంపు వంటి శిబిరాల్లో తరాలు గడిపారు. వారి పౌరసత్వాన్ని న్యాయస్థానం గుర్తించేసరికి 2008 వచ్చింది. విజయగాథల్లో వారి కన్నీటికి చోటు తక్కువ.

సాక్ష్యం మనకే, మన తల్లిదండ్రులకే వ్యతిరేకమైనా సరే, న్యాయం పక్షాన నిలబడాలన్నది దివ్యఖుర్ఆన్ మనకు నేర్పిన నియమం. ఎదుటివారి నేరానికి సాక్ష్యం చెప్పడం ఎవరికైనా సులువే. మనవారనుకున్నవారి నేరం దగ్గరే మన నాలుక తడబడుతుంది.

రేపు మన పిల్లలు 1971 గురించి అడిగితే ఒక్క పేరు చెప్పి ఊరుకోవద్దు. వసతిగృహంలో హతుడైన విద్యార్థి గురించీ, శిబిరంలో పుట్టి పెరిగిన బిడ్డ గురించీ ఒకే గొంతుతో చెబుదాం.