క్లచ్చు పోతే ఎక్కడికి?

శోళవరం: పాత విమానాల రన్‌వేపై 1980లలో కారు రేసులు జరిగిన ఊరిది. ఇక్కడ హైవేపై క్లచ్చు జారితే కారు యజమానికి ఒకటే బెంగ.. కంపెనీ సర్వీసు సెంటరుకా, మెకానిక్ షెడ్డుకా?

ఎక్కడైనా గేరుబాక్సు దించాల్సిందే. తేడా వచ్చేది ఫ్లైవీల్ దగ్గరే. మామూలు రకమైతే, పగుళ్లు లేకుంటే లేత్‌లో చదును చేయించి మళ్లీ బిగించొచ్చు. షెడ్డువాళ్లు చేసేదిదే. సర్వీసు సెంటరులో కొత్తది వేస్తామంటే బిల్లు ఎగబాకుతుంది. అయితే లోపల స్ప్రింగులుండే డ్యూయల్ మాస్ రకం పాడైతే మార్చక తప్పదు. దాన్నీ చదును చేసిస్తామంటే నమ్మొద్దు!

బయటి మెకానిక్‌లకు విడిభాగాలు దొరకనివ్వడం లేదని 2014లో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు రూ.2,544 కోట్ల జరిమానా వేసింది. కంపెనీలు అప్పీలుకెళ్లాయి, అది వేరే కథ.

వారంటీ ఉంటే ముందు ఆ పుస్తకం చూసుకోండి. సామాన్లు, కూలి విడివిడిగా రాయించుకోండి. తీసిన ఫ్లైవీల్ చూపించమని అడగండి.