ఎక్కువ శక్తి, తక్కువ పొగ: సూపర్‌చార్జింగ్, ట్యూనింగ్, కాలుష్య పరీక్ష

గత భాగంలో నాలుగు స్ట్రోకుల ఇంజిన్ పనిచేసే విధానాన్ని తెలుసుకున్నారు. అదే ఇంజిన్ నుంచి అదనపు శక్తిని ఎలా రాబట్టవచ్చో, అలా రాబట్టిన తరువాత కాలుష్య పరీక్షలో ఒక బండి ఎందుకు నెగ్గుతుందో, మరొకటి ఎందుకు తప్పుతుందో ఈ భాగంలో పరిశీలిద్దాం. ఇది పుస్తకానికే పరిమితమైన విషయం కాదు. బేతంచెర్ల, బనగానపల్లె నాపరాళ్లను, ఎర్రగుంట్ల సిమెంటును మోసే బండ్ల యజమానులు మెకానిక్ షెడ్డుకు వచ్చి కోరేది ఇదే: పికప్ పెరగాలి, పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా చేతికి రావాలి. ఒకే బండి మీద ఇల్లు గడిచే కుటుంబానికి ఈ రెండింటిలో ఏది తప్పినా నష్టమే.

ముందు గాలి లెక్క

ఇంజిన్ శక్తి ఇంధనం నుంచి వస్తుందని అందరికీ తెలుసు. కానీ ఇంధనం ఎంత మండగలదో నిర్ణయించేది గాలి. ఒక కిలో డీజిల్ పూర్తిగా మండటానికి సుమారు 14.5 కిలోల గాలి కావాలి. డీజిల్ ఇంజిన్‌లో ఇంధనం గాలిలో సమంగా కలిసేంత వ్యవధి ఉండదు కాబట్టి అంతకంటే ఎక్కువ గాలి ఇవ్వాలి. మన లెక్కకు కిలో డీజిల్‌కు 20 కిలోల గాలి అనుకుందాం.

ఇప్పుడు టర్బో లేని 2.5 లీటర్ల డీజిల్ ఇంజిన్‌ను తీసుకోండి. నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతున్నప్పుడు అది 1,000 సార్లు గాలిని పీల్చుకుంటుంది. అంటే ఆదర్శ స్థితిలో నిమిషానికి 2,500 లీటర్లు, అనగా 2.5 ఘనపు మీటర్లు. సముద్రమట్టం వద్ద 15 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రతలో ఘనపు మీటరు గాలి బరువు 1.225 కిలోలు. కర్నూలు సముద్రమట్టానికి దాదాపు 280 మీటర్ల ఎత్తున ఉంది. మే నెలలో మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో అక్కడి గాలి ఘనపు మీటరుకు సుమారు 1.08 కిలోలే తూగుతుంది. మొదటి సందర్భంలో ఇంజిన్‌కు అందే గాలి 3.06 కిలోలు, రెండో సందర్భంలో 2.7 కిలోలు. పొగ లేకుండా మండగల డీజిల్ నిమిషానికి 153 గ్రాముల నుంచి 135 గ్రాములకు పడిపోతుంది. ఎవరూ ఇంజిన్‌ను తాకకుండానే 12 శాతం శక్తి తగ్గిపోయిందన్నమాట. ఎండాకాలంలో బండి లాగడం లేదని డ్రైవర్లు అనడం ఉత్త అపోహ కాదు.

ఈ లోటును పూడ్చి, ఇంకా ఎక్కువ గాలిని సిలిండర్‌లోకి నెట్టడమే సూపర్‌చార్జింగ్. గాలిని నెట్టే కంప్రెసర్‌ను ఇంజిన్ క్రాంక్ షాఫ్ట్ నుంచి బెల్టుతో తిప్పితే దానిని సూపర్‌చార్జర్ అంటారు. బయటికి పోయే పొగ వేగంతో టర్బైన్ ద్వారా తిప్పితే అది టర్బోచార్జర్. బెల్టుతో తిరిగేది తొక్కగానే స్పందిస్తుంది, కానీ ఇంజిన్ శక్తిలో కొంత తానే వాడుకుంటుంది. టర్బో వృథాగా పోయే శక్తిని వాడుకుంటుంది, కానీ వేగం అందుకోవడానికి కొంత సమయం తీసుకుంటుంది. మన రోడ్ల మీద బెల్టుతో తిరిగే సూపర్‌చార్జర్ కార్లు చాలా అరుదు. సుమో, బొలెరోల నుంచి లారీల వరకు మీరు చూసేది ఎక్కువగా టర్బోయే. అందువల్ల ఇక్కడి చర్చ ప్రధానంగా దాని గురించే.

గాలిని నొక్కితే అది వేడెక్కుతుంది. 42 డిగ్రీల గాలిని 1.7 రెట్ల పీడనానికి నొక్కితే, 65 శాతం సామర్థ్యం గల కంప్రెసర్ నుంచి అది దాదాపు 120 డిగ్రీల వేడితో బయటికి వస్తుంది. వేడిగాలి వ్యాకోచించి ఉంటుంది కాబట్టి పీడనం 1.7 రెట్లు అయినా గాలి సాంద్రత 1.36 రెట్లు మాత్రమే అవుతుంది. ఆ గాలిని ఇంటర్‌కూలర్ గుండా పంపి 60 డిగ్రీలకు చల్లబరిస్తే సాంద్రత 1.6 రెట్లకు చేరుతుంది. టర్బో పీడనాన్ని కొంచెమైనా పెంచకుండా, కేవలం చల్లబరచడం వల్ల కలిగిన లాభం ఇది. రాయలసీమ లాంటి ప్రాంతంలో ఇంటర్‌కూలర్‌ను అలంకారంగా భావించకూడదు.

పంపు సెట్టింగ్ ఎక్కడ దెబ్బతీస్తుంది?

షెడ్డులో శక్తి పెంచే తేలిక మార్గం డీజిల్ పంపు స్క్రూను తిప్పడం. పాత తరహా టర్బో ఇంజిన్లలో పంపు పైన ఒక డయాఫ్రం ఉంటుంది. టర్బో పీడనం ఒక సన్నని గొట్టం ద్వారా దాని మీద పనిచేస్తుంది. పీడనం పెరిగే కొద్దీ డయాఫ్రం కదిలి, పంపు ఇవ్వగల డీజిల్ పరిమితిని పెంచుతుంది. గాలి రాకముందే డీజిల్ పోకుండా ఆపే కాపలాదారు అది. మెకానిక్ దాని స్ప్రింగును సడలిస్తే గాలి అందకముందే డీజిల్ పడుతుంది. తొక్కగానే బండి ఎగిరినట్లు అనిపిస్తుంది. మండని కార్బన్ నల్లటి పొగగా వెనుక మేఘంలా లేస్తుంది.

డీజిల్ బండ్లకు మన దేశంలో చేసే పొగ పరీక్ష సరిగ్గా ఈ లోపాన్నే పట్టుకుంటుంది. ఇంజిన్ వేడెక్కిన తరువాత గేరు న్యూట్రల్‌లో ఉంచి, యాక్సిలరేటర్‌ను ఒక్కసారిగా పూర్తిగా తొక్కుతారు. ఇంజిన్ ఐడిల్ నుంచి గరిష్ఠ వేగానికి దూకుతుంది. ఇలా పలుమార్లు చేసి, పొగ కాంతిని ఎంత అడ్డుకుంటుందో మీటరుతో కొలిచి సగటు తీస్తారు. బి.ఎస్.-4 డీజిల్ బండికి ఈ కాంతి శోషణ గుణకం మీటరుకు 1.62 మించరాదు. అంతకు ముందు తరం బండ్లకు పరిమితి 2.45. లోడు లేకుండా ఇంజిన్ క్షణాల్లో దూకుతుంది కాబట్టి టర్బో పీడనం పెరిగే వ్యవధి దాదాపు ఉండదు. ఆ క్షణంలో అదనంగా పడిన డీజిల్ అంతా పొగే. అందుకే ఘాట్ మీద బాగా లాగే బండి పరీక్షలో తప్పవచ్చు.

సర్టిఫికెట్ రాకపోవడం ఒక్కటే నష్టం కాదు. కడప నుంచి రాయచోటి వైపు గువ్వలచెరువు ఘాట్ ఎక్కే లోడు లారీని ఊహించుకోండి (కిందికి దిగాక పాలకోవా కొనుక్కోవడం డ్రైవర్లకు అలవాటు, అది వేరే సంగతి). చాలా నిమిషాల పాటు పూర్తి తొక్కుడు మీద ఉన్నప్పుడు అదనపు డీజిల్ పొగ ఉష్ణోగ్రతను పెంచుతుంది. టర్బో టర్బైన్, పిస్టన్ తల, హెడ్ గాస్కెట్ ఆ వేడిని భరించాలి. సర్టిఫికెట్ పోతే మళ్లీ పరీక్ష చేయించుకోవచ్చు, పిస్టన్ పోతే నెల కిస్తీ పోతుంది.

కాబట్టి క్రమం మార్చండి. మొదట గాలి, తరువాతే డీజిల్. దుమ్ము ప్రాంతంలో ఎయిర్ ఫిల్టర్ కంపెనీ చెప్పిన గడువు కంటే ముందే మూసుకుపోతుంది. పేపర్ ఫిల్టర్‌ను దులిపి దులిపి చిరిగేదాకా వాడితే మరీ ప్రమాదం, దుమ్ము రేణువులు టర్బో కంప్రెసర్ రెక్కలను అరగదీస్తాయి. టర్బో నుంచి ఇంజిన్‌కు వెళ్లే రబ్బరు గొట్టంలో చిన్న పగులు ఉన్నా నొక్కిన గాలి బయటికి పోతుంది, పొగ నల్లబడుతుంది. ఇంటర్‌కూలర్ రేకుల మధ్య పేరుకున్న మట్టిని శుభ్రం చేయండి. నాజిళ్లను టెస్టింగ్ మిషను మీద పెట్టి చూడండి. డీజిల్ పొగమంచులా చిమ్మాలి, చుక్కలుగా కారరాదు. వాల్వు క్లియరెన్సు, పంపు టైమింగు సరిచేయండి. ఇవన్నీ బండి పుట్టినప్పుడు ఉన్న శక్తిని తిరిగి ఇస్తాయి, పొగను తగ్గిస్తాయి, ఏ చట్టాన్నీ అతిక్రమించవు. పంపు స్క్రూ తిప్పమని వచ్చే బండ్లలో చాలావాటికి నిజంగా కావలసింది ఇదేనని నా అభిప్రాయం.

పెట్రోలు కారు సంగతి

పెట్రోలు బండి పరీక్ష వేరు. బి.ఎస్.-4, ఆ తరువాతి నాలుగు చక్రాల బండ్లకు ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడు 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పి.పి.ఎం. మించరాదు. నిమిషానికి సుమారు 2,500 చుట్ల వద్ద కార్బన్ మోనాక్సైడు 0.2 శాతం లోపు ఉండాలి, గాలి-ఇంధన నిష్పత్తిని తెలిపే లాంబ్డా 0.97 నుంచి 1.03 మధ్య ఉండాలి. ఈ రెండు స్థితుల్లోనూ ఇంజిన్ మీద లోడు లేదు, సూపర్‌చార్జర్ పీడనమూ దాదాపు లేదు. ఆక్సిజన్ సెన్సర్ చెప్పినట్లు కంప్యూటర్ ఇంధనాన్ని సరిదిద్దుతూ ఉంటుంది. కనుక తెలిసిన ట్యూనర్ పీడనం ఉన్న భాగాన్ని మాత్రమే మారుస్తాడు, ఐడిల్ భాగాన్ని ముట్టుకోడు. చాలామంది తప్పేది మరీ పెద్ద ఇంజెక్టర్లు బిగించడంలో. అవి ఐడిల్‌కు కావలసిన అతి కొద్ది పెట్రోలును కచ్చితంగా ఇవ్వలేవు. క్యాటలిటిక్ కన్వర్టర్‌ను తీసేస్తే పరీక్షలో నెగ్గడం కష్టం. పైగా ఎండాకాలపు వేడిగాలితో పీడనం పెంచితే పెట్రోలు ముందే పేలి నాకింగ్ వస్తుంది. దానిని ఆపడానికి ఇగ్నిషన్‌ను వెనక్కి జరపాలి, అప్పుడు పెంచిన శక్తిలో కొంత మళ్లీ పోతుంది.

పరీక్ష చూడనిది

ఇక్కడ జాగ్రత్తగా ఆలోచించండి. డీజిల్ పొగ పరీక్ష మసిని మాత్రమే కొలుస్తుంది, నైట్రోజన్ ఆక్సైడ్లను కొలవదు. ఇంజిన్ పొగలో కొంత భాగాన్ని తిరిగి సిలిండర్‌లోకి పంపే ఇ.జి.ఆర్. వాల్వు, మంట ఉష్ణోగ్రతను తగ్గించి ఈ ఆక్సైడ్లను అదుపులో ఉంచుతుంది. దానిని రేకు పెట్టి మూసేస్తే సిలిండర్‌లోకి స్వచ్ఛమైన గాలి ఎక్కువ వస్తుంది, మసి తగ్గుతుంది, పరీక్షలో అంకె మరింత బాగుంటుంది. ఊపిరితిత్తులకు హాని చేసే ఆక్సైడ్లు మాత్రం పెరుగుతాయి. కాగితం మీద శుభ్రమైన బండి రోడ్డు మీద మురికిది కావచ్చు. 2015లో అమెరికా పర్యావరణ సంస్థ ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్ల మీద చేసిన ఆరోపణ సారాంశమూ ఇదే. పరీక్ష జరుగుతోందని సాఫ్ట్‌వేర్ గుర్తించి అప్పుడు మాత్రమే నియమాలు పాటించేది. రోడ్డు మీద నైట్రోజన్ ఆక్సైడ్లు పరిమితికి 40 రెట్ల వరకు వెలువడ్డాయి.

చట్టం కూడా అంకె దగ్గర ఆగదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. రోడ్డు కారుకు బయటి సూపర్‌చార్జర్ బిగించినా, కంప్యూటర్ మ్యాపు మార్చినా చేతిలో సర్టిఫికెట్ ఉందని చెప్పి తప్పించుకోలేరు. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బి.ఎస్.-6 బండ్లలో ఫిల్టర్లు, సెన్సర్లు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి కాబట్టి ఒకటి తీసేస్తే మిగిలినవి తప్పును నమోదు చేస్తాయి.

మీ అవగాహనను పరీక్షించుకోండి

కడపలో ఒక బి.ఎస్.-4 డీజిల్ బండికి పొగ గుణకం 2.1 వచ్చింది. పంపు సీలు చెక్కుచెదరలేదు. ఎయిర్ ఫిల్టర్ మార్చాక 1.8కి, ఇంటర్‌కూలర్ గొట్టం మార్చాక 1.4కి తగ్గింది. ఇ.జి.ఆర్. మూసేస్తే 1.1 వస్తుందని మెకానిక్ చెప్పాడు. మొదటి రెండు మార్పుల వల్ల బండి శక్తి ఎందుకు పెరిగిందో వివరించండి. మూడో సలహాకు మీరు యజమానికి ఏమి చెబుతారో కారణాలతో రాయండి.