48 గెలుపులు, 6 ఓటములు: ఒక కాలేజీ అభిమాని ఏడు నెలల లెక్క

2006 సెప్టెంబరు 2 నుంచి 2007 ఏప్రిల్ 2 దాకా సరిగ్గా ఏడు నెలలు, అంటే 212 రోజులు. ఆ రోజుల్లో ఫ్లోరిడా యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు 14 మ్యాచ్‌లు ఆడి 13 గెలిచింది. అదే యూనివర్సిటీ పురుషుల బాస్కెట్‌బాల్ జట్టు 40 ఆడి 35 గెలిచింది. రెండూ కలిపితే 54 మ్యాచ్‌లు, 48 గెలుపులు, 6 ఓటములు. రెండు జట్లనూ వదలకుండా చూసిన అభిమానికి సగటున నాలుగు రోజులకో మ్యాచ్. చివరికి రెండు జాతీయ టైటిళ్లూ ఆ కాలేజీకే వచ్చాయి. అమెరికా కాలేజీ క్రీడల్లో ఒకే విద్యా సంవత్సరంలో ఆ రెండూ గెలిచిన యూనివర్సిటీ ఫ్లోరిడా ఒక్కటే. అంతకుముందు ఎవరికీ కుదరలేదు.

ఎందుకు కుదరలేదో చెప్పేముందు ఆ యూనివర్సిటీ ఉన్న ఊరి సంగతి కొంత చెప్పుకోవాలి. ఫ్లోరిడా ఉత్తర భాగంలో ఉన్న గెయిన్స్‌విల్ జనాభా 2020 లెక్కల ప్రకారం 1,41,085. యూనివర్సిటీ ఫుట్‌బాల్ స్టేడియంలో 88,548 మంది పడతారు. నిండిన రోజున అక్కడున్న జనం ఊరి జనాభాలో నూటికి 63 వంతులకు సమానం. జట్టు పేరు గేటర్స్, అంటే మొసళ్లు. స్టేడియం ముద్దుపేరు స్వాంప్, అంటే చిత్తడి నేల. జనం రెండు చేతులూ ఒకదానిపై ఒకటి చాచి మొసలి నోరు మూసినట్టు చప్పట్లు కొడతారు. అదే క్యాంపస్‌లో ఉన్న బాస్కెట్‌బాల్ హాలులో పట్టేది పదివేల పైచిలుకు మంది. ఇంటి దగ్గర ఫుట్‌బాల్ మ్యాచ్‌లు ఆరు జరిగాయనుకున్నా ఐదు లక్షల ముప్ఫై వేల సీట్లు. బాస్కెట్‌బాల్‌కు పదహారు వేసుకున్నా లక్షా అరవై వేలే.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో విసిరి, చంకలో పెట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్. మన దగ్గర యూనివర్సిటీ జట్టు ఆట చూడటానికి ఊరు ఊరంతా కదలడం ఎవరూ ఎరగరు. విజయనగరం రాజకుమారుడు విజ్జీ పేరిట యూనివర్సిటీ జోన్ల మధ్య క్రికెట్ ట్రోఫీ ఉందన్న సంగతే చాలామందికి తెలియదు. అందుకే ఎమ్మెస్ చదవడానికి అమెరికాలో పెద్ద స్టేట్ యూనివర్సిటీకి వెళ్లిన తెలుగు విద్యార్థికి మొదటి ఫుట్‌బాల్ శనివారం నిజంగా వింతగా ఉంటుంది. కాలేజీ చదువు ముగిసి నలభై ఏళ్లయినవాళ్లు కూడా అదే రంగు చొక్కాతో అక్కడ కనిపిస్తారు.

రెండు ఆటల క్యాలెండర్లు వేరు. ఫుట్‌బాల్ సెప్టెంబరులో మొదలై వారానికొకటి చొప్పున, దాదాపు అన్నీ శనివారాలే, 12 మ్యాచ్‌లు. బాస్కెట్‌బాల్ నవంబరులో మొదలై వారానికి రెండేసి చొప్పున మార్చి దాకా ఆ ఏడాది 31. నవంబరులో రెండూ కలిసి వస్తాయి. అయితే అసలు తేడా మ్యాచ్‌ల సంఖ్యలో లేదు, ఒక్కో ఓటమికి కట్టే ఖరీదులో ఉంది.

2006 నాటి పద్ధతిలో ఫుట్‌బాల్ టైటిల్ కోసం చివరికి ఆడేది రెండే జట్లు. ఆ రెండూ ఎవరో మైదానంలో తేలదు. కోచ్‌ల ఓట్లు, మరో ఓటింగ్, ఆరు కంప్యూటర్ లెక్కలు కలిపి సగటు తీస్తారు. రెండు ఓడితే దాదాపు ఇంటికే. ఒకటి ఓడినా ఇతరుల దయ మీద బతకాలి. ఫ్లోరిడా అక్టోబరు 14న ఆబర్న్ చేతిలో 27-17తో ఓడింది. అంటే ఉన్న ఒక్క వెసులుబాటూ సీజన్ సగంలోనే అయిపోయింది. అక్కడి నుంచి ప్రతి శనివారమూ చావోరేవో.

నవంబరు 11న సౌత్ కరొలైనాతో మ్యాచ్ చూస్తే ఆ మాట ఎంత నిజమో అర్థమవుతుంది. ఎదుటి జట్టు కోచ్ స్టీవ్ స్పరియర్. 1996లో ఫ్లోరిడాకు మొదటి జాతీయ టైటిల్ తెచ్చిపెట్టిన మనిషే. ఫ్లోరిడా 17-16తో ముందుంది. ఇంకా ఎనిమిది సెకన్లు మిగిలాయి. సౌత్ కరొలైనా 48 గజాల దూరం నుంచి ఫీల్డ్‌గోల్ కిక్‌కు సిద్ధమైంది. పడితే మూడు పాయింట్లు, ఫ్లోరిడా సీజన్ సమాప్తం. కిక్ లేవగానే జార్విస్ మాస్ అనే డిఫెన్స్ ఆటగాడు గాల్లోకి ఎగిరి చేత్తో బంతిని ఆపాడు. ఆ ఏడాది టైటిల్ ఆ చేతి ఎత్తులోనే ఉంది. గణాంకాల్లో మాత్రం ఆ మ్యాచ్ మిగతా పన్నెండు గెలుపుల్లాంటి గెలుపే. తేడా అభిమానికి మాత్రమే తెలుసు.

డిసెంబరు మొదటి వారాంతం చూడండి. శనివారం 2న కాలిఫోర్నియాలో యూసీఎల్‌ఏ 13-9తో రెండో స్థానంలో ఉన్న సదరన్ కాలిఫోర్నియాను ఓడించి ఆ స్థానానికి దారి తెరిచింది. అదే రోజు అట్లాంటాలోని జార్జియా డోమ్‌లో ఫ్లోరిడా 38-28తో ఆర్కన్సాను ఓడించి తన కాన్ఫరెన్స్ (ప్రాంతీయ లీగ్) టైటిల్ గెలిచింది. ఆదివారం 3న సగటు వెలువడింది: ఫ్లోరిడా 0.9445, అదే స్థానం కోసం చూస్తున్న మిషిగన్ 0.9344. తేడా 0.0101. రెండో స్థానం ఫ్లోరిడాదే. ఆ ఆదివారమే బాస్కెట్‌బాల్ జట్టు అదే రాష్ట్రపు ప్రత్యర్థి ఫ్లోరిడా స్టేట్ చేతిలో 70-66తో ఓడింది. మామూలు రోజుల్లో ఆ ఓటమికి వారమంతా బాధపడేవాళ్లు. ఆ రోజు ఎవరికీ గుర్తే లేదనుకుంటాను.

జనవరి 8న అరిజోనాలో ఫైనల్. అప్పటిదాకా 12కు 12 గెలిచిన ఓహాయో స్టేట్ మొదటి కిక్‌నే 93 గజాలు తిరుగు పరుగు తీసి స్కోరు చేసింది. ఆ తర్వాత ఆట ముగిసేదాకా ఆ జట్టు దాడి మొత్తం ముందుకు వెళ్లింది 82 గజాలే. ఫ్లోరిడా 41, ఓహాయో స్టేట్ 14.

బాస్కెట్‌బాల్ లెక్క దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ జనవరి, ఫిబ్రవరి ఓటములకు క్షమాపణ ఉంది. మార్చిలో ఉండదు. అప్పట్లో 65 జట్ల నాకౌట్ టోర్నమెంట్, ఇప్పుడు 68. టైటిల్ కావాలంటే వరుసగా ఆరు గెలవాలి. ఒక్కటి ఓడితే ఆ రాత్రితోనే ఆఖరు. ఫ్లోరిడా అప్పటికే 2006 విజేత, యూసీఎల్‌ఏపై 73-57. జోకిమ్ నోవా, అల్ హార్ఫోర్డ్, కోరీ బ్రూవర్ లాంటి వాళ్లు ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏకి వెళ్లి కోట్లు సంపాదించగలిగీ, ఆట మొదలుపెట్టే ఐదుగురూ ఇంకో ఏడాది కాలేజీలోనే ఉండిపోయారు. ఆ రోజుల్లో కాలేజీలో ఉంటే స్కాలర్‌షిప్ తప్ప చేతికొచ్చే డబ్బు లేదు. నా దృష్టిలో ఈ కథ మొత్తంలో అన్నింటికన్నా పెద్ద అంకె ఆ అయిదు.

2007 ఫిబ్రవరి చివర్లో వాళ్లే నాలుగు మ్యాచ్‌ల్లో మూడు ఓడారు. ఫుట్‌బాల్‌లోనైతే అది మూడు సీజన్ల శోకం. ఇక్కడ ఏమీ కాలేదు. మార్చి 4 నుంచి వరుసగా పది గెలిచారు. ఏప్రిల్ 2న ఫైనల్, మళ్లీ అదే జార్జియా డోమ్, మళ్లీ అదే ఓహాయో స్టేట్. ఓహాయో ఆటగాడు గ్రెగ్ ఓడెన్ ఒక్కడే 25 పాయింట్లు, 12 రీబౌండ్లు సాధించినా ఫ్లోరిడా 84-75తో గెలిచింది.

ఓహాయో స్టేట్ అభిమాని లెక్క కూడా చూడాలి. ఆ ఏడాది వాళ్ల ఫుట్‌బాల్ 12 గెలుపులు, 1 ఓటమి. బాస్కెట్‌బాల్ 35 గెలుపులు, 4 ఓటములు. మొత్తం 47-5, అంటే 90.4 శాతం. ఫ్లోరిడాది 88.9 శాతమే. తక్కువ ఓడిన కాలేజీకి ఒక్క టైటిలూ దక్కలేదు. వాళ్ల ఐదు ఓటముల్లో మూడు ఫ్లోరిడా చేతిలోనే: డిసెంబరు 23న బాస్కెట్‌బాల్‌లో 86-60, ఆపైన రెండు ఫైనళ్లు. ఈ రెండు వరుసలూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడల్లా నాకు ఓహాయో వాళ్ల మీద జాలి కలుగుతుంది.

ఇంతకీ రెండూ కలిసి రావడం ఎంత అరుదు? ప్రతి మ్యాచ్‌లోనూ గెలిచే అవకాశం 80 శాతం ఉన్న మహా జట్టును ఊహించుకుందాం. 14 ఫుట్‌బాల్ మ్యాచ్‌ల్లో ఒకటికి మించి ఓడకుండా ఉండే అవకాశం సుమారు 20 శాతం. అంతే బలమున్న బాస్కెట్‌బాల్ జట్టు మార్చిలో వరుసగా ఆరు గెలిచే అవకాశం 26 శాతం. రెండూ ఒకే ఏడాది జరగాలంటే 0.20ను 0.26తో హెచ్చవేయాలి. వచ్చేది 5 శాతం. అంటే రెండు ఆటల్లోనూ దేశంలో పేరున్న జట్లున్న కాలేజీకి కూడా ఇరవై ఏళ్లకోసారి. అసలు అలాంటి రెండు జట్లూ ఒకేసారి ఒకే కాలేజీలో ఉండటమే కష్టం. కేంటకీని చూడండి. బాస్కెట్‌బాల్‌లో ఎనిమిది జాతీయ టైటిళ్లు. ఫుట్‌బాల్‌లో మాత్రం 1987 నుంచి 2017 దాకా ఫ్లోరిడా చేతిలో వరుసగా 31 సార్లు ఓడింది.

బలం నిలబెట్టుకునే తీరులోనూ తేడా ఉంది. ఫుట్‌బాల్‌లో అప్పట్లో 85 స్కాలర్‌షిప్‌లు, బాస్కెట్‌బాల్‌లో 13. ఫుట్‌బాల్‌లో ఐదుగురు వెళ్లిపోతే కోచ్‌కు చికాకు. బాస్కెట్‌బాల్‌లో మైదానంలో ఉండేదే ఐదుగురు. 2007 వేసవికి ఆ అయిదుగురూ వెళ్లిపోయారు. ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో హార్ఫోర్డ్ 3వ, బ్రూవర్ 7వ, నోవా 9వ స్థానాల్లో ఎంపికయ్యారు. మరుసటి ఏడాది రెండుసార్ల విజేతకు పెద్ద టోర్నమెంట్‌లో చోటే దొరకలేదు. 2009లోనూ అంతే. అయితే 2008 సీజన్‌లో ఫుట్‌బాల్ జట్టు మళ్లీ జాతీయ టైటిల్ తెచ్చింది. 2013-14లో బొమ్మ తిరగబడింది. ఫుట్‌బాల్ 4-8. ఒక్క పాస్ కూడా పూర్తి చేయని జార్జియా సదరన్ చేతిలో సొంత స్టేడియంలో 26-20తో ఓటమి. ఆ చలికాలమే బాస్కెట్‌బాల్ జట్టు వరుసగా 30 గెలిచి 36-3తో ముగించింది. రెండు జట్లనూ పట్టుకునే అభిమానికి ఒకటి పడిపోయిన ఏడాది ఇంకొకటి ఆదుకుంటుంది. ఒక్క ఫుట్‌బాల్‌నే నమ్ముకున్నవాడికి ఆ ఊరట లేదు.

2021, 2022, 2023లలో ఫుట్‌బాల్ జట్టు గెలుపుల కన్నా ఓటములే ఎక్కువ చూసింది. 2024లో 8-5. ఆ వెంటనే వచ్చిన వసంతంలో బాస్కెట్‌బాల్ 36-4. 2025 ఏప్రిల్ 7న శాన్ ఆంటోనియోలో హ్యూస్టన్‌తో ఫైనల్. రెండో సగంలో 12 పాయింట్లు వెనకబడి, చివరికి 65-63తో ముందుకొచ్చారు. ఆఖరి సెకన్లలో హ్యూస్టన్ ఆటగాడు షాట్‌కు పైకి లేచాడు. ఫ్లోరిడా గార్డ్ వాల్టర్ క్లేటన్ మీదికి దూకడంతో షాట్ కొట్టలేక బంతి వదిలేశాడు. తానే మళ్లీ ముట్టుకుంటే తప్పిదం. బంతి నేల మీద ఎగురుతుంటే ఫ్లోరిడా ఆటగాడు దాని మీద పడ్డాడు. హ్యూస్టన్‌కు ఆఖరి షాటే దక్కలేదు. దాంతో ఫ్లోరిడాకు ఫుట్‌బాల్‌లో మూడు, పురుషుల బాస్కెట్‌బాల్‌లో మూడు టైటిళ్లయ్యాయి. రెండింట్లోనూ మూడేసి సాధించిన మొదటి కాలేజీ అదే.

అయితే ఈ జట్టు తయారైన తీరు వేరు. 2007 నాటి ఐదుగురిలో నలుగురు 2004లో ఒకే బ్యాచ్‌లో చేరి కలిసి పెరిగినవాళ్లు. 2025 విజేతల్లో క్లేటన్, విల్ రిచర్డ్, అలైజా మార్టిన్ ముగ్గురూ వేరే కాలేజీల నుంచి బదిలీ అయి వచ్చారు. 2021 జులై నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చు. 2025-26 నుంచి కాలేజీయే ఆటగాళ్లకు డబ్బు పంచవచ్చు, ఆ మొదటి ఏడాది పరిమితి 2.05 కోట్ల డాలర్లు. ఆటగాళ్లకు ఇది న్యాయమే, ఎప్పుడో రావాల్సింది. కానీ నాలుగేళ్లు ఒకే కుర్రాడు ఎదగడం చూసే భాగ్యం అభిమానికి తగ్గింది.

ఫుట్‌బాల్ లెక్క కూడా మారింది. 2024 నుంచి టైటిల్ పోరులో రెండు కాదు, నాలుగు కాదు, 12 జట్లు. ఆ మొదటి ఏడాదే రెండు ఓడిన ఓహాయో స్టేట్ 14-2తో విజేత అయింది. 2006 పద్ధతిలో ఆ రెండు ఓటములతోనే కథ ముగిసేది. బాస్కెట్‌బాల్‌లో లాగే శనివారం ఓటమికీ క్షమాపణ దొరుకుతోంది, కానీ ఊరికే కాదు. ఇప్పుడు చివర్లో వరుసగా మూడో నాలుగో గెలవాలి. మన 80 శాతం జట్టుకు నాలుగు వరుసగా గెలిచే అవకాశం 41 శాతం. కాన్ఫరెన్స్ ఫైనల్ కూడా కలిపితే ఫుట్‌బాల్ జట్టు 17 మ్యాచ్‌ల దాకా ఆడాల్సి రావచ్చు. బాస్కెట్‌బాల్ నలభై అలాగే ఉంటాయి. మరోసారి రెండూ గెలవాలనుకునే కాలేజీ అభిమాని ఆ ఏడాది 57 మ్యాచ్‌లకు సిద్ధపడాలి.