గాజుతొట్టిలోని కడలికి ఇసుకయు, రాయియు

కరీంనగరమునకు గాని, ఆదిలాబాదునకు గాని సముద్రము 300 కిలోమీటర్లకు మించిన దూరమున నున్నది. అయినను ఇంట ఒక గాజుతొట్టి నమర్చి, ఉప్పునీటిలో పగడపు దిబ్బను బోలిన శిలల నడుమ రంగురంగుల చేపలు తిరుగాడగా చూడవలెనను కోరిక ఈ సీమవారికిని కలుగుట సహజమే. దుకాణమున దూరదేశపు ఇసుక, రాయి వెల వినగానే ఆ కోరిక చల్లబడును. చెంతనున్న ఇసుకయు, రాయియు ఈ పనికి చాలవా? దీనికి సమాధానము చెప్పవలెనన్న, అవి తొట్టిలో చేయు పని యేమో ముందు తెలియవలెను.

అవి కేవలము అలంకారములు కావు. చేపల విసర్జనము వలన నీట అమ్మోనియా పుట్టును. అది చేపలకు విషము. రాతి రంధ్రములలోను, ఇసుక రేణువులపైనను కాపురముండు సూక్ష్మజీవులు దానిని మొదట నైట్రైటుగను, పిదప అంతగా హాని చేయని నైట్రేటుగను మార్చును. ఇవి స్థిరపడుటకు సామాన్యముగా 4 నుండి 6 వారములు పట్టును. అంతవరకు చేపలను విడువరాదు. కావున రాయికి కావలసినది పరిశుభ్రత, రంధ్రముల సమృద్ధి, పేరుప్రతిష్ఠలు కావు.

ఇక ఇసుక సంగతి. మానేరు, గోదావరి ఇసుకలో అధికభాగము పలుగురాతి రేణువులు. పలుగురాయి నీట కరుగదు. మేలు చేయకున్నను కీడు చేయదు. పగడపు ఇసుక సున్నపుజాతి పదార్థమగుటచే నీటి క్షారగుణమును నిలుపునని పలువురు చెప్పుదురు. కాని పి.హెచ్. 8.1 మొదలు 8.3 వరకు గల సముద్రజలమున అది కరుగుట అత్యల్పము. నీటికి కావలసిన కాల్షియము ముఖ్యముగా సముద్రపు ఉప్పుమిశ్రమము నుండియే లభించును. ఇల్లు కట్టుటకు తెచ్చిన కుప్పలోని ఇసుకనే జల్లించి, నీరు తేటపడువరకు కడిగి, ఆరబెట్టి, అయస్కాంతముతో నల్లని ఇనుపరేణువులను ఏరివేసిన చాలును. తెల్లదనము కోరువారికి కోళ్లదాణాలో కలిపెడు ఆలుచిప్పల నూక కలదు. అందు మందులేవియు కలియకుండుట చూచుకొనవలెను. 80 సెంటీమీటర్ల పొడవు, 35 సెంటీమీటర్ల వెడల్పు గల తొట్టిలో ఒక అంగుళము మందమున పరచుటకు సుమారు 11 కిలోల ఇసుక చాలును.

రాతి విషయమున ఈ సీమ సంపన్నమైనది. కరీంనగరపు గ్రానైటు నీట చెడదు. కాని బరువెక్కువ, రంధ్రములు తక్కువ. అది అడుగున ఆధారముగా నుంచదగినది. ఆదిలాబాదు పడమటి భాగపు నల్లరాయి సుమారు 6.6 కోట్ల సంవత్సరముల క్రిందట పారిన లావా గడ్డకట్టగా నేర్పడినది. అందు బుడగల గుంటలు గల ముక్కలు మేలు. మూడవది సున్నపురాయి. ఆదిలాబాదు, మంచిర్యాల ప్రాంతములలో ఇది విస్తారముగా నున్నది. 1982లో దేవాపూరున సిమెంటు కర్మాగారము వెలసినది దీని ఆధారముననే. రాతిపై నిమ్మరసము చుక్క వేసిన బుడగలు పొంగినచో అది సున్నపురాయి యని గుర్తు. బడిపిల్లలును చేయదగిన పరీక్ష యిది. అయితే రాతిలోని లోహములను ఈ పరీక్ష తెలుపదు. కనుక తుప్పుచారలు గాని, పసుపుపచ్చని లోహపు మెరుపు గాని కనిపించిన రాతిని విడిచివేయవలెను. ఏ రాతినైనను ముందు తొట్టి యడుగున కదలకుండ నిలిపి, పిదప ఇసుక పోయవలెను. లేనిచో చేపలు ఇసుక త్రవ్వినపుడు రాళ్లు దొర్లి అద్దము పగులును.

ఇంత శ్రమ యెందుకు, అసలు పగడపు రాయినే తెచ్చుకొనరాదా యని కొందరడుగవచ్చును. తేరాదు. దిబ్బలను నిర్మించు రాతిపగడములన్నియు 2001 నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేరినవి. చచ్చిన పగడపు ముక్కను అమ్ముటయు నేరమే. ఈ కట్టుబాటు నకు కారణము తమిళదేశపు మన్నారు సింధుశాఖలో కనబడును. అచ్చట సున్నమునకును, పరిశ్రమలకును పగడపు రాతిని ఏండ్ల తరబడి త్రవ్విరి. అలల తాకిడిని ఆపు దిబ్బలు నశించుటచే 21 దీవులలో రెండు నీట మునిగినవి. 1986లో ఆ ప్రాంతము జాతీయ సముద్రోద్యానముగా ప్రకటింపబడినది.

పగడపు రాతివంటి రూపమే కావలెనన్న ఇంటనే చేసికొనవచ్చును. సిమెంటు, ఆలుచిప్పల నూక, దొడ్డు ఉప్పు తగుపాళ్లలో కలిపి కొద్ది నీటితో ముద్దచేసి, తడి ఇసుకలో త్రవ్విన గుంటలలో పోయవలెను. గట్టిపడిన పిదప నీట నానవేసిన ఉప్పు కరిగి రంధ్రములు మిగులును. నీటిని మార్చుచు కొన్ని వారములు నానబెట్టిననే గాని సిమెంటులోని తీవ్రక్షారము పోదు. ఈ ఓర్పు లేనివాడు చేపలను బలిపెట్టినవాడగును.

ఆదిలాబాదు సున్నపురాయి 60 కోట్ల సంవత్సరములకు పూర్వమే, ఇంకను పగడములు పుట్టని కాలమున, సముద్రపు అడుగున పేరుకొన్నది. అట్టి రాయి కాలిక్రింద నుండగా, బ్రదికియున్న దిబ్బను విరిచి తెచ్చుట ధనమునకే కాక ధర్మమునకును నష్టము.